తువ్వాల కింద జీతం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, నా మొదటి జీతం ముచ్చట చెప్తాను. ఆ రోజుల్లో, అంటే మా ఊరికి సెల్‌ఫోన్లు ఒకటో రెండో వచ్చిన కాలంలో, పది తప్పినవాడికి కొలువంటే మాటలు కాదు. (తప్పింది లెక్కలొక్కటే అని మా అమ్మ అందరికీ చెప్పేది. మిగతావి నేను చెప్పేవాణ్ణి కాదు.) మా నాయిన ఎద్దుల బేరగాడు. శనివారం వస్తే ఆయన వెంట పెబ్బేరు అంగడికి పోయేవాణ్ణి. అక్కడ ఎద్దు నోరు తెరిచి, పండ్లు చూసి వయసు కడతారు కానీ, ధర ఎవరూ పైకి అనరు. చేతుల మీద తువ్వాల కప్పుకొని, లోపల వేళ్లు పట్టుకొని బేరమాడుతారు. వేలికి వెయ్యి. పదిమందిలో ధర నోటితో చెప్పడం మా ఇంట్లో సిగ్గులేనితనం.

ఆ ఏడు వానలు లేవు, ఎద్దులు కొనేవాళ్లు లేరు. హైదరాబాదులో ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్లు పనివాళ్లను ఎంచుకోవడానికి వనపర్తి లాడ్జికి ఒక సారును పంపారని తెలిసి, ఈ కొలువు దొరికితేనే ఇల్లు గడుస్తుందని నాయిన నన్ను తీసుకుపోయాడు. తన కొత్త తువ్వాల నా భుజాన వేసి, తాను కింద చాయ్ హోటల్ దగ్గరే ఆగాడు. పైన గదిలో బెంచీ మీద నాలాంటి వాళ్లు ఎనిమిదిమంది. సారు నాతో చీర మడత పెట్టించాడు, మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అందరి ముందే, "జీతం ఎంత అనుకుంటున్నావయ్యా?" అన్నాడు.

అంతమంది వింటుంటే ఎట్లా చెప్పను? లేచి, తువ్వాల ఆయన చేతి మీద కప్పి, లోపల మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాను. (అందులో ఉంగరం వేలు కూడా ఉంది. ఆయన ఏమనుకున్నాడో మీరే ఊహించుకోండి.) సారు అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. బెంచీ మీది నుంచి ఒకడు, "అన్నా, సారు పండ్లు గూడ జూసి కొను" అన్నాడు. గది గొల్లుమంది. తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాను. "మీ దయ సార్, ఎంతిస్తే గంత" అన్నాను. పద్దెనిమిది వందలు రాసుకున్నాడు. నా తర్వాతివాడు నోరు తెరిచి మూడు వేలు అడిగి, రెండున్నర వేలకు కుదిరాడు.

కిందికి దిగేసరికి నాయిన ఎదురొచ్చాడు. చాయ్ తాగేవాళ్లు చుట్టూ ఉన్నారు కదా, నోటితో అడగలేదు. నా భుజం మీది తువ్వాల తీసి, తన చేతి మీద కప్పుకొని, నవ్వుతూ చెయ్యి చాపాడు. ఎద్దుల జత మంచి ధరకు పోయిననాటి నవ్వు అది. నేను ఆ చెయ్యిని పక్కకు తోసేశాను.

"నలుగుట్ల ఇజ్జత్ తియ్యకు నాయినా. నోటితోని అడుగరాదా?"

ఆయన తువ్వాలను నాలుగు మడతలు పెట్టి, భుజాన వేసుకున్నాడు. "పోనీతియ్ బిడ్డా. కుదిరింది గద" అన్నాడు. ఎంతకని అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు జీతం పెరిగినా అడగలేదు. నేను చెప్తే, మంచిదే అంటూ పశువుల కొట్టం దిక్కు చూసేవాడు.

ఇప్పుడు ఆ దుకాణంలో కొత్తవాళ్లను జీతం ఎంత కావాలని అడిగేది నేనే. ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడుగుతాను. మొన్నామధ్య ఊరికి పోయినప్పుడు, ఈసారి వేళ్లతోనే జీతం చెప్దామని ధైర్యం చేసి, కొత్త తువ్వాల చేతి మీద కప్పుకొని నాయిన ముందు చెయ్యి చాపాను. ఆయన తువ్వాలను తడిమి, "మెత్తగున్నది బిడ్డా, మంచిది తెచ్చినవ్" అని భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. నేను చాచిన చెయ్యి అలాగే పెట్టుకొని, నవ్వుకుంటూ నిలబడ్డాను.

మీ ఇంట్లో చాచిన చెయ్యి ఏదీ ఒట్టిగా వెనక్కి పోకూడదు. పిల్లా పాపలతో మీరంతా చల్లగుండాలె.