రెండు ముడుల దారం

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టినవాడు ఆదోని ఆసుపత్రిలో వార్డుబాయిగా చేరడం వింతేమీ కాదు. మగ్గం ఇద్దరన్నదమ్ములకు అన్నం పెడితే గొప్ప, మూడోవాడికి పెట్టదు. తిక్కయ్య ఆ మూడోవాడు. తెగిన పోగును కళ్లు మూసుకుని ముడివేసే విద్య మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ విద్యతో ఏం పనంటే చెప్పాలి. అక్కడికి వచ్చే రోగుల్లో సగంమంది మాట కన్నడం. హొళగుంద వైపు పల్లెల నుంచి బండ్ల మీద వస్తారు. డాక్టర్లేమో కోస్తా నుంచి బదిలీ మీద వస్తారు. పొట్లం మీద డాక్టరు రాయించే తెలుగు ఆ రోగులకు కోడి గీరిన గీత. చూపు లేనివాళ్లకు ఆ గీత కూడా లేదు. తిక్కయ్య తల్లికి చివరి రోజుల్లో చూపు పోయింది. ఆమె కోసం కనిపెట్టినదాన్నే అతను ఇక్కడా చేశాడు. ప్రతి పొట్లానికీ ఒక నూలు దారం, రోజుకు ఎన్నిసార్లు మింగాలో దారానికి అన్ని ముడులు. సముద్రాల అవతల ఒక కొండదేశంలో రాజ్యం కబుర్లన్నీ తాళ్ల ముడుల్లోనే దాచేవారట. ఆ సంగతి ఎవరో డాక్టరు చెబితే తిక్కయ్య, "అయితే వాళ్లూ మగ్గమోళ్లే అయ్యుంటారు సార్" అన్నాడు.

నేసిన ప్రతి గుడ్డకూ మచ్చు ముక్క దాచుకోవడం వాళ్ల ఇంటి అలవాటు. అందుకని రోగికి కట్టిన దారానికి జతగా మరొకటి, అదే ముడులతో, పేరు రాసిన చీటీ గుచ్చి వార్డులో మేకుకు తగిలించేవాడు.

అతని కన్నడం మొదట్లో సంత కన్నడమే. దాన్ని దిద్దినవాడు కాంపౌండరు శ్రీపాదరావు. మంత్రాలయం దగ్గరి అయ్యవార్ల ఇల్లు, ఇంట్లో కన్నడమే మాట. పదకొండేళ్లపాటు మధ్యాహ్నం పూట మందుల గది మెట్ల మీద కూర్చుని, నొప్పిలో ఎన్ని రకాలున్నాయో, ఒక్కొక్కదాన్ని కన్నడంలో ఏమంటారో నేర్పాడు. "నీకు నాలుక తిరిగిందప్పా. ఇంక నాతో పనిలేదులే" అనేవాడు. తిక్కయ్య అతన్ని సామీ అని పిలిచేవాడు.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో హులిగెమ్మ అనే ముసలామె చక్కెర జబ్బుతో వచ్చింది. రెండు కళ్లూ కనిపించవు. రెండు పూటలు మింగమని మాత్ర రాశారు. తిక్కయ్య రెండు ముడులు వేశాడు. నాలుగో రోజు ఆమెను స్పృహ లేకుండా మళ్లీ బండిలో తెచ్చారు. మాత్రలు రోజుకు మూడు పూటలు మింగింది. బతికింది. కానీ విచారణ పెట్టారు. తప్పు ముడిదైతే ముడులు ఆగిపోతాయి, తిక్కయ్య వార్డులో ఉండడు. అది మందుల గదిదైతే, ఏడు నెలల్లో రిటైరయ్యే శ్రీపాదరావు పెన్షనుకు చిక్కు.

విచారణకు ముందురోజు శ్రీపాదరావు వార్డుకు వచ్చాడు.

"ఆ మేకుకున్న దారాల కట్ట ఇట్లియ్యప్పా. సూపరింటెండెంటుకు నేనే చూపిస్తా. నువ్వు చూపిస్తే నీ పని నువ్వే పొగుడుకున్నట్లుంటాది."

"నీకన్నా బాగా ఎవురు సెప్తారు సామీ" అని తిక్కయ్య కట్ట దించి ఇచ్చాడు.

మర్నాడు విచారణలో సూపరింటెండెంటు అడిగాడు. "పొరపాటు మందుల గదిలోనా, దారంలోనా?"

"దారంలోనే సార్" అన్నాడు శ్రీపాదరావు.

తిక్కయ్య అతని చేతులకేసి చూశాడు. ఖాళీగా ఉన్నాయి.

"జత దారాల కట్ట సామి చేతికే ఇచ్చినాను సార్. దాంట్లో అవ్వ దారముంది, చూడండి."

"ఏ కట్ట?" అన్నాడు శ్రీపాదరావు, తిక్కయ్యను కాదు, కిటికీని చూస్తూ.

పొట్లం దారమూ లేదు. మందు విషమని హులిగెమ్మ కోడలు పొట్లాన్ని దారంతో సహా పొయ్యిలో వేసింది. ఇక మిగిలింది ఆమె మాట. హులిగెమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. తిక్కయ్య ముందుకు కదిలాడు.

"నీ మీది ఫిర్యాదుకు నువ్వే దుబాసీవా? వెనక్కి నిలబడు" అన్నాడు సూపరింటెండెంటు. "రావుగారూ, మీరు అడగండి."

ఆమె కన్నడంలో నెమ్మదిగా చెప్పింది. ముడులు రెండే ఉన్నాయి. కానీ పొట్లం చేతికిచ్చిన అయ్య మూడు పూటలన్నాడు. ఆయన మాట మా ఇంట్లో మాటలాగే ఉంది. దారమెవరో పరాయివాడు కట్టింది, మన మాట మాట్లాడే మనిషి తప్పు చెప్తాడా అనుకున్నాను.

ఆమె వచ్చిన గురువారం రద్దీలో శ్రీపాదరావు ఇంకొకరి మోతాదు ఆమెకు చెప్పి ఉంటాడు. అంతే జరిగి ఉంటుంది. ఒప్పుకుంటే తిక్కయ్యే అతని తరఫున చేతులు జోడించేవాడు.

శ్రీపాదరావు సూపరింటెండెంటు వైపు తిరిగాడు. "ముడులు మూడున్నాయి, అందుకే మూడు పూటలు మింగినా అంటాంది సార్."

"ఆమె అట్ల సెప్పలే" అన్నాడు తిక్కయ్య.

సూపరింటెండెంటు కాగితం మీద రాసుకుంటూనే ఉన్నాడు. అవ్వ చెప్పిన కన్నడంలో ప్రతి మాటనూ తిక్కయ్య విన్నాడు. అతనికి ఆ చెవులిచ్చినది శ్రీపాదరావే.

దారాలు కట్టరాదని ఆర్డరు వచ్చింది. తిక్కయ్యను వార్డు నుంచి తీసి గేటు కాపలాకు వేశారు.

వారానికి హులిగెమ్మ ఇంటికి బయలుదేరింది. గేటు దగ్గర అతని దగ్గు విని ఆగింది.

"ఆ పొద్దు నేనన్నది ఆయన ఆ దొరకు చెప్పినాడా?" అని కన్నడంలో అడిగింది.

ఇన్నేళ్లలో ఒకరి మాటను ఇంకొకరికి మార్చి చెప్పనివాడు తిక్కయ్య.

"చెప్పినాడవ్వా. ఉన్నదున్నట్లే."

ఆమె కొంగు ముడి విప్పి కొత్త పొట్లం అందించింది. దానికి దారం లేదు. తిక్కయ్య భుజం మీది తువాలు అంచు నుంచి పోగు లాగి, పొట్లం మీది రాత చూసి, రెండు ముడులు వేసి కట్టాడు.

"నోటిమాటకూ దీనికీ తేడా వచ్చిందా, దీన్నే నమ్మవ్వా. ఎవరి నోరైనా సరే."

ఆమె వేళ్లతో తడిమి "రెండు" అంది. తిక్కయ్య చెయ్యి అలవాటు మీద జత దారం కోసం తువాలు అంచుకు పోయింది. జత దారం తగిలించడానికి ఇక్కడ మేకు లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని గేటు తెరిచాడు.