ఎడమ మూల కుర్చీ

గదిలో ఆరు కుర్చీలు, ఒక బల్ల, దాని మీద నల్లగుడ్డ, నలుగురు సభ్యులం, కింది దుకాణంలోంచి కుట్టుమిషన్ చప్పుడు, కిటికీలోంచి మార్కెట్ యార్డు పసుపు వాసన. నిజామాబాద్‌లో మా మ్యాజిక్ క్లబ్బు అంటే ఇంతే. నిన్న ఆదివారం, కింద బట్టలు కుట్టే సలీం భాయ్ ఒక ఇనుప కుర్చీని నా కోసం ఎడమ మూలకు ఈడ్చాడు. అది నేలను గీరిన చప్పుడుకు మా క్లబ్బు పెద్ద గంగాధర్ సార్ గుర్తొచ్చారు.

ఆయన బోధన్‌లో ఒక చక్కెర మిల్లులో ఫిట్టర్‌గా పనిచేశారు. సెలవు దొరికితే బడుల్లో మ్యాజిక్ చేసేవారు. మా క్లబ్బులో మిగతా కుర్చీలన్నీ బల్లకు ఎదురుగా ఉంటాయి. ఎడమ మూల కుర్చీలోంచి మాత్రం మ్యాజిక్ చేసేవాళ్ల చేతి వెనకభాగం కనిపిస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లు, రహస్యం కంటపడగానే ‘కనబడ్డది’ అనాలి. ఆ నియమం సార్ పెట్టిందే. కొత్తలో నేను, డిప్లొమా చదివినవాణ్ణి కదా, ఏ కోణంలోంచి ఏం కనిపిస్తుందో కాగితం మీద గీసుకొచ్చి మరీ నాణెం మాయం చేశాను.

“కనబడ్డది తమ్మీ,” అన్నారు సార్ మూలలోంచి.

“లెక్క సరిగ్గనే ఉంది గద సార్!”

“లెక్క మంచిగనే ఉంది. నీ బొటనవేలే లెక్కలు సదువుకోలే.”

అందరూ నవ్వారు. ఏడాదిపాటు ఆ మాట అంటూ ఆయన నన్ను వదల్లేదు.

తర్వాత ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. మందులతో తగ్గలేదు. అప్పుడే బోధన్‌లో తాను చదువుకున్న బడిలో ప్రదర్శనకు ఒప్పుకున్నారు. సలీం భాయ్ దగ్గర కొత్త కోటు కుట్టించుకున్నారు. ప్రదర్శనకు ముందు ఆదివారం నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టి, తన పాత రూపాయి బిళ్లను మాయం చేసి చూపించారు. వేళ్ల సందున బిళ్ల అంచు మెరిసింది. ఎదురుగా ఉన్నవాళ్లకూ కనిపించిందని వాళ్ల ముఖాలే చెప్పాయి. అయినా చప్పట్లు కొట్టారు. సలీం భాయ్ నాకేసి చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

“కనబడ్డది సార్,” అన్నాను.

మళ్లీ చేశారు. మళ్లీ అన్నాను.

సలీం భాయ్ ఆగలేకపోయాడు. “ఏం మనిషివి భాయ్ నువ్వు! పెద్దమనిషిని గట్లంటరా?”

“నువ్వు ఊకో సలీం. గా కుర్చీల కూసున్నోడు గట్లనే అనాలె.” సార్ తన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నారు. తర్వాత బిళ్ల నా అరచేతిలో పెట్టారు. “బోధన్ల నువ్వు చెయ్యి తమ్మీ. పిల్లలు బిళ్ల యాడికి పోయిందో ఎతకాలె. నా వణుకుడు సూసుకుంట కూసోవద్దు.”

ప్రదర్శన రోజు సార్ కొత్త కోటు వేసుకుని బడి హాల్లో ఎడమ మూలన కూర్చున్నారు. నా చేతిలో బిళ్ల మాయమైంది. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. తిరుగు బస్సులో అడిగాను, “కనబడ్డదా సార్?”

“ఒక్కసారి.” కిటికీలోంచి చెరకు బండ్లను చూస్తూ అన్నారు. “పోరగాండ్లకు కనబడలే. గది సాలు.”

ఆయన పోయి ఏడాది దాటింది. బిళ్ల నా దగ్గరుంది, మూల కుర్చీ కూడా ఇప్పుడు నాదే. నిన్న కొత్తగా చేరిన టీచరమ్మ తొలిసారి నాణెం మాయం చేసింది. సలీం భాయ్ చప్పట్లకు చేతులెత్తి, నావైపు చూసి దించేశాడు.

నిన్న నేను ‘కనబడ్డది’ అన్నది మూడుసార్లు.