మాత్రలక్క

హెచ్‌ఐవీ ఆసుపత్రిలో మందులిచ్చే ఆమెను అందరూ మాత్రలక్క అంటారు. ఆమెకూ ఆ జబ్బే. పద్నాలుగేళ్లలో ఒక్క పూటా మాత్ర తప్పలేదు. మానేసినవాళ్లను కళ్లద్దాల పైనుంచి చూస్తూ చీవాట్లు పెట్టేది. ఈ ఏడు మెడ మీద గడ్డ లేచింది. ఈ జబ్బున్నవాళ్లకు ఎక్కువగా వచ్చే లింఫోమా క్యాన్సరన్నారు. కీమోకి జుట్టంతా రాలినా, తలకు గుడ్డ చుట్టుకుని మందులిచ్చే కిటికీ వెనకే కూర్చునేది.

ఒకరోజు ఓ అమ్మాయి మందుల సంచీ వెనక్కి తోసేసింది. "నువ్వు తప్పకుండా వేసుకున్నావుగా అక్కా, ఏం ఒరిగింది?"

మాత్రలక్క సంచీని మళ్లీ ఆమె ముందుకు జరిపింది. "మొదలెట్టినప్పుడు నా కూతురు చంకలో ఉండేది తల్లీ. ఇప్పుడు నాకంటే పొడుగు."

ఆ అమ్మాయి సంచీ తీసుకుంది.

నాలుగో కీమో తట్టుకోలేక మాత్రలక్క పోయింది. కబురు తెలియని ఆ అమ్మాయి నెల తిరగ్గానే వచ్చి, కిటికీలో కొత్త మొహం చూసి, "అక్క సెలవు పెట్టిందా?" అని అడిగింది.