తోకగూటి అద్దం

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీలో కిటికీలు తుడుచుకుని బతికే హొరేస్ పిండర్‌ను యుద్ధం వచ్చిందని వైమానిక దళంలో చేర్చుకున్నారు. ఆరు నెలలు శిక్షణ ఇచ్చారు. పుస్తకాలిచ్చారు, పరీక్షలు పెట్టారు. అంతా అయ్యాక ఏం పని అప్పగించారయ్యా అంటే, అద్దాలు తుడిచే పని. ప్రభుత్వాలు ఎప్పుడో ఒకసారి పొరపాటున సరైన మనిషిని సరైన చోట పెడుతుంటాయి.

కాగితాల మీద అతని ఉద్యోగం ఇంకా పెద్దదే. స్కెల్బీ స్థావరంలో ఒక బాంబర్ విమానం రెక్కలూ, చక్రాలూ, ఒళ్లంతా అతని పూచీ. చిల్లు పడితే అతుకు వేయాలి, రెక్కల మీద మంచు గీకాలి. ఇంజన్లు మాత్రం కార్పొరల్ టాడ్‌వి. విమానానికి తోక అనేది ఒకటి ఉంటుందన్న సంగతి టాడ్ ఎన్నడూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఒకసారి పత్రికవాళ్లు వచ్చి వీరుల ఫొటో తీశారు. వీరులంటే ఎగిరేవాళ్లు. టాడ్‌నీ హొరేస్‌నీ కాస్త పక్కకు జరగమన్నారు, వాళ్ల నీడ వీరుల మీద పడుతోందట.

హొరేస్ ప్రాణమంతా విమానం తోక చివరి అద్దాల గూటి మీదే ఉండేది. అందులో తోక గన్నర్ లెన్ గార్బట్ తుపాకులు పట్టుకుని ఎనిమిదేసి గంటలు వెనక్కి తిరిగి కూర్చుని, శత్రువిమానాల కోసం చీకట్లోకి చూడాలి. అద్దం మీద నలుసంత మరకుంటే అది శత్రువిమానంలా కనిపిస్తుంది. ఒక్కోసారి శత్రువిమానమే మరకలా కనిపిస్తుంది. అప్పుడిక తుడిచే పని ఉండదు.

"ఒరే హొరేస్, అద్దం ఏదిరా? కనబడ్డంలేదు!" అని లెన్ రోజూ ఏడిపించేవాడు.

"కనబడకపోతేనే ఉన్నట్టు. వేలు పెట్టావో, విరిచేస్తా."

"ఇంత రుద్దుడెందుకురా? పక్క విమానంవాళ్లలాగా ఆ మధ్య పలక కోసి పారేద్దాం. నేరుగా ఆకాశమే కనబడుద్ది."

"కొయ్యి, గడ్డకట్టుకుని చద్దువుగాని. అది పోతే నేనేం తుడవాలి, నీ మొహమా?"

విమానం నిలిపే చోటు పక్కనే, బీట్‌దుంపల పొలం అంచున, పాత పెట్టెల చెక్కలతో హొరేస్, టాడ్ కలిసి ఒక గుడిసె వేసుకున్నారు. పొయ్యి ఉంది, టీ ఉంది. కిటికీకి మాత్రం అట్టముక్క. "ఇంగ్లండు మొత్తం మీద కిటికీలు తుడవడంలో నన్ను మించినవాడు లేడు, నా ఖర్మకి అట్ట కిటికీ!" అని హొరేస్ సణగని రోజు లేదు.

నలభై నాలుగు ఫిబ్రవరిలో చెల్లెలు ఎడ్నా పెళ్లికి ఒక రోజు సెలవు దొరికింది. ఆ పొద్దున మంచు దట్టంగా కమ్మింది, విమానాలు లేవవన్నారు. బయల్దేరబోతూ చూస్తే తోకగూటి మధ్య పలక మీద బొటనవేలంత గ్రీజు మరక. గుడ్డ చేతికి తీసుకున్నాడు. ఇంతలో గేటు దగ్గర బస్సు హారను కొట్టింది. రేపు చూసుకోవచ్చులే అనుకుని పరుగెత్తాడు.

పెళ్లి బాగా జరిగింది. మూడంతస్తుల కేకులో పై రెండంతస్తులూ అట్టతో చేసినవే. యుద్ధకాలంలో అది ఘనమైన కేకు. మధ్యాహ్నానికి ఆకాశం తేటపడింది, ఇక విమానాలు లేస్తాయనుకుని హొరేస్ కేకు పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి విమానం ఉండాల్సిన చోట నూనె మరక మాత్రమే ఉంది.

"మనది రాలేదురా," అన్నాడు టాడ్, టీ కప్పు అతని చేతిలో పెడుతూ.

గుడిసెకు ఎవరో కొత్త కిటికీ బిగించారు. టాడ్ పెట్టాడని హొరేస్ అనుకున్నాడు, హొరేస్ పెట్టాడని టాడ్ అనుకున్నాడు. అడిగే మనసు ఇద్దరికీ లేదు. హొరేస్ అలవాటు కొద్దీ దాని మురికి తుడిచి కూర్చున్నాడు. విమానంలో ఏడుగురు మనుషులు. ఒక్క మరక.

తర్వాత పదిహేను నెలలు అతను సెలవు పెట్టలేదు. కొత్త విమానం అద్దాల్ని చేతుల చర్మం ఊడేట్టు రుద్దాడు. "పతకం ఇస్తారనుకుంటున్నావా ఏం?" అని టాడ్ వేళాకోళమాడినా గుడ్డ దింపేవాడు కాదు. వాళ్లను చంపింది తనేనని నమ్మాడు, ఆ నమ్మకాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

యుద్ధం ముగిసిన మే నెలలో ఒక మనిషి పొలానికి అడ్డంపడి గుడిసెకు నడిచొచ్చాడు. ఎముకల గూడు మీద కోటు తొడిగినట్టున్నాడు. లెన్ గార్బట్.

"టీ ఉందా, లేక జర్మనీ జైలుకి తిరిగెళ్లమంటావా?"

హొరేస్ కప్పు అందిస్తుంటే సగం టీ నేలపాలైంది. దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. "లెన్, ఆ రోజు మధ్య పలక మీద మరక వదిలేసి పెళ్లికెళ్లానురా. అందుకే కదా ఆ శత్రువిమానంవాడు నీకు కనబడలేదు?"

"ఏ పలక?"

"నీ గూటిదేరా!"

లెన్ కప్పు పైకెత్తి కిటికీ వైపు చూపించాడు. "అదిగో."

హొరేస్ కిటికీ దగ్గరికెళ్లి చూశాడు.

"నువ్వు బస్సెక్కాక మధ్యాహ్నానికి మంచు విడిపోయింది, రాత్రికి బయల్దేరాలన్నారు. ఇదే సందు అనుకుని రంపపు బ్లేడుతో కోసేశా. ప్లాస్టిక్కే కదా. నువ్వుంటే నా మెడ కోసేవాడివి. ఆ అట్టముక్క గురించి నీ ఏడుపు వినలేక ఇక్కడ బిగించా, పెళ్లి కానుక అనుకో. నీ మరక కూడా దాని మీదే ఉండింది." గొంతు తగ్గించి అన్నాడు. "వాడు కిందనుంచి వచ్చాడ్రా. అద్దం ఉన్నా లేకపోయినా కనబడడు. నేనూ రేడియోవాడూ పారాచూట్లతో దూకి మిగిలాం. మిగతా అయిదుగురి పాపం నీ గుడ్డది కాదు."

హొరేస్ బావురుమన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే మండిపడ్డాడు. "నన్నడక్కుండా నా అద్దం కోశావా?"

"ఇదిగో, తిరిగిచ్చేశాగా!" అంటూ లెన్ జిడ్డు బొటనవేలిని అద్దం నడిమధ్యన గట్టిగా నొక్కాడు.

స్థావరం మూసేశాక హొరేస్ ఆ పలకను గ్రిమ్స్‌బీ తీసుకెళ్లి వంటింటి కిటికీకి బిగించాడు. ముప్పై ఏళ్లు ఊరందరి కిటికీలూ తుడిచాడు. "ఊళ్లో అందరివీ మెరుస్తాయి, మా ఇంటిది మాత్రం ఈ జిడ్డు వేలిముద్రతో ఇలా ఏడుస్తుంది, నన్ను ముట్టుకోనివ్వడు," అని అతని భార్య వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది.