బావ చదివే ఎనిమిది గళ్ళు

మా అక్క భర్త నీళ్ళ పంపుల స్టేషన్లో టెక్నీషియన్. కిటికీ లేని గదిలో, తాతల కాలం నాటి కంట్రోలర్ పెట్టె ముందు పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాడు. అది సీరియల్ కేబుల్ గుండా రెండు సెకన్లకోసారి ఒక బైటు, అంటే ఎనిమిది అంకెలు, తెరకు పంపుతుంది. తెరమీద ఎనిమిది గళ్ళు, ఒక్కో దాంట్లో సున్నా లేదా ఒకటి. పంపు గది తలుపు తెరుచుకుంటే ఒక గడి చెబుతుంది, మోటారు వేడెక్కితే మరొకటి. నీటి మట్టం తెలియాలంటే రెండు గళ్ళు కలిపి చదవాలి.

తెర గళ్ళను సున్నా నుంచి లెక్కపెడుతుంది, మాన్యువల్ ఒకటి నుంచి. ఆ తేడా పట్టినవాడు బావ ఒక్కడే. పట్టి, గుట్టుగా ఉంచుకున్నాడు. "అందరికీ చెప్పేస్తే నన్నెవడు దేకుతాడ్రా?" అనేవాడు నాతో.

ఒకసారి బావ సెలవులో ఉండగా తెరమీద మూడో నంబరు గడిలో ఒకటి పడింది. షిఫ్టు ఆపరేటర్ మాన్యువల్లో మూడు చూసి, తలుపు తెరిచి ఉందనుకుని, మూసి ఉన్న తలుపునే గట్టిగా నెట్టి వచ్చి టీ తాగాడు. నిజానికది మాన్యువల్లో నాలుగు, మోటారు వేడి. మోటారు కాలిపోయింది. ఆనాటినుంచి బావకు సెలవు లేదు.

అక్క ఉద్యోగం మూడొందల కిలోమీటర్ల అవతల. నా మేనకోడలికి ఆరేళ్ళు. తండ్రి దాంతో గడిపిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నాకు బావమీద జాలీ ఉంది, ఒళ్ళుమంటా ఉంది. తను తీసిన గోతిలో తనే పడ్డాడు.

మొన్న అక్క ఊళ్ళో ఖాళీ వచ్చింది. బదిలీ కాగితంమీద ఇంజనీరు సంతకం కావాలి.

"ఆ గుట్టంతా రాసిచ్చెయ్ బావా. నువ్వు లేకపోయినా పని నడుస్తుందంటేనే వదుల్తారు," అన్నాను.

మూడు రోజులు కూర్చుని ప్రతి గడీ వివరంగా రాశాడు. అది చూసి ఆపరేటరే తప్పు లేకుండా చదివేశాడు. ఇంజనీరు కాగితాలు తిప్పి మురిసిపోయాడు.

"ఎంత బాగా రాశారండీ. మిగతా ఆరు స్టేషన్లలోనూ ఇవే పాత పెట్టెలు. వాటి లైన్లన్నీ మీ గదికే కలిపిస్తాను."

"మరి నా బదిలీ సార్?"

"మీరు పోతే ఇంకెవరున్నారండీ మాకు?"

సోమవారం ఆ గదిలోకి ఆరు కొత్త తెరలు వచ్చాయి. చూడ్డానికి వెళ్ళిన నన్ను, బదిలీ లేదన్న మాట అక్కకు చెప్పమన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. ఆఫీసు ఫోన్ తీసి తనే కలిపాడు. పిల్ల ఎత్తింది.

"నేనేనమ్మా," అన్నాడు బావ.

"నేనే అంటే ఎవరండీ?"

బావ ఫోన్ నా చేతిలో పెట్టి, తెరల వైపు తిరిగి కూర్చున్నాడు.