ఫ్యూజు పీకి విన్న పాట

మొన్న పావగడలో ఒక బట్టలంగట్లో చీరలు చూస్తావుంటే కరెంటు పోయింది. "ఐదే నిమిషాలక్కా, వచ్చేస్తాది" అని అంగడాయన మమ్మల్ని బతిమాలుకున్నాడు. ఆడోళ్లందరూ ఫోన్లు తీసి వాటిలో తలలు పెట్టేసినారు. నేనొక్కదాన్నే, ఎవరైనా పాట ఎత్తుకుంటారేమోనని చుట్టూ చూస్తా కూర్చున్నాను. ఎవరూ ఎత్తుకోలేదు. ఆ పిచ్చి అలవాటు నాకు మా మామ మిషన్లో అంటుకుంది.

మామంటే మా ఆయన నాయన. కర్ణాటకలో పావగడ పక్క అరసికెరె దగ్గర మా ఊర్లో, ఇంటికానుకొనే ఆయనకు పిండి మిషను ఉండేది. అప్పట్లో త్రీఫేజు కరెంటు దాని బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, సగం రాగులు ఆడేసరికి పోయేది. మూటలు తెచ్చినోళ్లు ఇంటికి పోవాలంటే మళ్లీ ఎప్పుడొస్తాదో ఏమో, అందుకని ఆ మూటల మీదే కూలబడేవాళ్లు. బెల్టు తిరగడం ఆగి, పిండి నెమ్మదిగా నేలకు దిగి, చెవుల్లో గుయ్యిమనేది తగ్గేలోపల ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవాళ్లు. రిటైరైన ఇస్కూలు మేష్ట్రు తన ఫోన్లో కన్నడ పాటలు వినిపించి, ఒక్కో చరణం ఆపి మాకు తెలుగులో అర్థం చెప్పేవాడు. మాకందరికీ కన్నడ వచ్చని ఆయనకు తెలుసు, అయినా చెప్పేవాడు. మా మామ వయసులో నాటకాలాడిన మనిషి, పద్యం అందుకునేవాడు. రాగం పైకి తీసుకుపోవడమే గానీ దించడం ఆయనకు చేతకాదు, దగ్గొచ్చి దించాల్సిందే. "పద్యమైందా, ఇంకా దగ్గుతానే ఉండావా?" అని మా అత్త వంటింట్లోంచి అడిగేది.

వీళ్లందరినీ నోరు మూయించేది మంగళవాడ అక్క. మంగళవాడ నుంచి మా ఊరికి కోడలై వచ్చింది కాబట్టి ఆ పేరు. ఊరి చివర వీధిలో ఉంటుంది, కూలికి పోతుంది, గురువారం గురువారం రాగులు తెస్తుంది. ఆమె దగ్గర ఒక పాట ఉండేది. గొర్రెలు తప్పిపోయిన ఒక ఆడమనిషి ఒక్కోదాన్ని పేరుపెట్టి పిలుచుకుంటా గుట్టెక్కుతుంది, అంతే కథ. కానీ చివరి గొర్రె పేరు దగ్గర అక్క గొంతు ఎట్ల వణికేదంటే, మేష్ట్రు అర్థం చెప్పడం కూడా మర్చిపోయేవాడు. మామ కళ్లు మూసుకొని వినేవాడు. అంత ఇష్టమున్నా ఆయన ఏనాడూ బాగుందని ఒక మాట అనలేదు. పొలాలున్న ఇంటి పెద్దమనిషి, కూలికొచ్చే ఆడమనిషిని పొగిడితే ఏదో తరిగిపోతాదని కాబోలు.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. ఆ హడావుడిలోనే మా పక్క కొత్త లైన్లు లాగినారు, కరెంటు నిలకడైంది. ఊరంతా సంతోషం, మా మామకు తప్ప. మిషను ఆగడం లేదు, పాటా లేదు. అక్క రాగులు పోసి, పిండి ఎత్తుకొని, చెంగు దులుపుకొని వెళ్లిపోయేది. నెలన్నర చూసినాడు. ఆ తర్వాతి గురువారం అక్క మూట దించగానే మిషను టక్కున ఆగింది. "పోయిందే" అన్నాడు మామ, ఎంతో బాధగా. బోర్డు వెనకనుంచి ఆయన ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకోవడం నేను కళ్లారా చూసినాను. ఆయన నన్ను చూసినాడు, నేను చేతిలోని చాట వైపు తల తిప్పుకున్నాను. నాకూ ఆ పాట కావాలి కదా, నిజం చెప్పాలంటే.

అట్ల నాలుగైదు వారాలు సుఖంగా జరిగింది. అప్పటికి అక్క సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి కుదిరింది. ఒకరోజు వస్తానే చెప్పింది, "అన్నా, బిరీన ఆడియ్యి, రెండింటికి వ్యాను పోతాది" అని. సరేనన్నాడు, అన్నవాడు మళ్లీ అదే పని చేసినాడు. ఒక్క పాటే కదా అనుకున్నాడేమో. అక్క దారి వైపు చూస్తానే పాడుతోంది. మామ తమలపాకు కోసం వంగినాడు, జేబులోని తెల్ల పింగాణీ ఫ్యూజు జారి ఠంగుమని బండమీద పడింది. పాట ఆగింది. అక్క దాన్ని చూసింది, మామను చూసింది. ఆడని రాగులు సంచిలోకి ఎత్తుకొని వెళ్లిపోయింది. ఆమె రోడ్డెక్కేసరికి వ్యాను వెళ్లిపోయిందని సాయంత్రం తెలిసింది. చూసీ చెప్పనిదాన్ని, నాకూ సిగ్గేసింది.

ఆ తర్వాత ఆమె వేరే ఊరి మిషనుకు పోవడం మొదలుపెట్టింది. మేష్ట్రు పాటలు వినిపిస్తే మామ "ఆపప్పా" అనేవాడు. మూడో గురువారం పొద్దున నన్ను పిలిచి, "నువ్వూ రా పాపా, ఒక్కణ్ణే పోలేను" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆ చివరి వీధిలో అడుగుపెట్టింది లేదు. అక్క గుడిసె ముందర పొయ్యి మీద సంగటి కెలుకుతా ఉంది. మామ వానల గురించి మాట్లాడినాడు, పశువుల గురించి మాట్లాడినాడు. చివరికి అక్కే, "ఏంటికొచ్చినావన్నా?" అంది.

"తప్పు నాదేనమ్మా. నీ పని చెడగొట్టినా."

"పని పోతే ఇంకోరోజు దొరుకుతాది. నాకు కోపం దానిక్కాదు." తెడ్డు ఆపలేదు ఆమె. "ఇన్నేండ్లు విన్నావే, పాడమ్మా అని ఒక్కనాడన్నా అడిగినావా? అడిగితే పాడనా? నన్ను అడిగేదానికన్నా నీకు ఫ్యూజు పీకేదే సులువైపాయనా?"

మామ భుజంమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని, మెల్లగా, "పాడమ్మా" అన్నాడు.

"ఇప్పుడా? సంగటి అడుగంటుతాది" అంది అక్క. అంటానే కాలితో మాకు పీట జరిపింది. పొయ్యి దగ్గర నేను తెడ్డు అందుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, గుట్ట కింద మొదటి గొర్రెను పిలిచింది.

ఇప్పుడు మామకు ఎనభై దగ్గరపడింది. మిషను మూసేసినాం. అయినా గురువారం వస్తే చేతికర్ర పట్టుకొని తనే ఆ వీధికి పోతాడు. ఆ పాట ఎంత సాగదీసినా ఐదు నిమిషాలకు మించదు. అడగడానికి మాత్రం ఆయనకు డెబ్బై ఏండ్లు పట్టింది.