బంక లేని పుల్ల

శుక్రవారం పొద్దున కాలేజీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "నీ చాచా పోయిండు బిడ్డా" అంది. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా పక్కిల్లే ఆయనది, బాబాయి వరస కలిపి చాచా అనేదాన్ని. అంతవరకూ అమ్మ ఆయన్ని "గా పిట్టలాయన" అనేదే తప్ప ఏనాడూ "నీ చాచా" అనలేదు. బయటికొచ్చి, బస్టాపులో అంతమంది చూస్తుండగానే ఏడ్చాను.

నాకు ఫొటోలు తీయడం నేర్పింది ఆయనే. అలాగని ఆయన జన్మలో కెమెరా పట్టిన మనిషి కాదు. వయసులో ఉండగా పిట్టలు పట్టేవారు. సన్నటి పుల్లలకు బంక రాసి మూసీ ఒడ్డున తుంగలో గుచ్చేవారు. వాటి మీద వాలి అతుక్కుపోయిన లాల్ మునియాలను ఒలిచి, పంజరాలవాళ్లకు అమ్మేవారు. బొటనవేలంత ఎర్రటి పిట్ట అది, ఒంటినిండా తెల్ల చుక్కలు. ఎప్పుడో ఆ పని మానేసి, పావురాలకు గింజలమ్మే దుకాణం పెట్టుకున్నారు. బంక జిగురు చూసే అలవాటు మాత్రం వేళ్లను వదల్లేదు. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలూ చూపుడువేలూ రుద్దుకుంటూనే ఉండేవారు.

నేను పాత కెమెరా ఒకటి, దానికో పొడుగు లెన్స్ సంపాదించి శనివారాల్లో జరిగే ప్రకృతి ఫొటోగ్రఫీ కోర్సులో చేరాను. తోటివాళ్లు అడవులకు పోయి జింకల, నెమళ్ల ఫొటోలు తీసుకొచ్చేవాళ్లు. మా బాపు మాత్రం "పురానాపూల్ దాంక పో. గది దాటినవో, కెమెరా బీరువల పెట్టి తాళమేస్త" అన్నాడు. పురానాపూల్ అంటే మూసీ మీది పాత వంతెన. పొద్దున ఆరింటికి పోయి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ కంపుకొట్టే మూసీలో ఏం ప్రకృతి, నా మొహం!

ఆ ఉక్రోషమంతా చాచా దగ్గర వెళ్లగక్కేదాన్ని. ఆయన అప్పటికే తుంటి విరిగి మంచాన పడ్డారు. కిటికీ తెరిస్తే కనిపించేది మా గోడే.

"నీకు వంతెన దాంకనన్న ఉంది. నాకు గీ గోడ దాంకనే. మరి లొల్లి నువ్వెందుకు జేస్తున్నవ్ బేటీ?" అని నవ్వారు. సిగ్గేసింది కానీ కోపం తగ్గలేదు.

నా లెన్సును అరచేతిలో పెట్టుకుని తూచేవారు. "గింత బరువు మోస్కపోతున్నవ్, ఒక్క పిట్ట రాలె. నా పుల్లలు జేబుల పట్టేటియి." ఎగతాళి అయ్యాక పాఠం మొదలయ్యేది. "పిట్ట దిక్కు సూడకు. అది ఏడ వాల్తదో గా పుల్ల దిక్కు సూడు. నువ్వు లేనట్టుండు, అదే వస్తది." కోర్సులో ఇచ్చిన నోట్సు మొత్తం వెతికినా ఈ మాట నాకు దొరకలేదు.

ఒకరోజు అడిగారు. "నాకొక్క లాల్‌ను పట్టుకరా. పంజ్రంల కాదు, ఫోటోల. పుల్ల మీద హాయిగ కూసున్నది. అది సూసి పోత."

అదేం మాటని కసిరాను. కానీ ఆ రోజు నుంచి నాకు అడవుల ధ్యాస వదిలింది. మూడు వారాలు వంతెన మీద నిలబడ్డాను. చెత్త పారేయకుండా అక్కడ ఇనుప జాలీ కొట్టారు. దానికి రెండడుగుల వెనక నిలబడి, అంతా స్పష్టంగా రావాలని లెన్సు రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, బాగా చిన్నది చేసి తీశాను. ఒక పొద్దున లాల్ దొరికింది. ఒక్క ఉరుకున ఇంటికొచ్చి చూపించాను.

చాచా కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "పంజ్రంల తీసినవా?"

పిట్ట మీద గళ్లుగళ్లుగా బూడిదరంగు గీతలు! సంబరంలో నేను చూసుకోనేలేదు.

"వంతెన జాలీ చాచా!"

"జాలీ అయితేంది, పంజ్రమైతేంది" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆయన మీదా నా మీదా కూడా కోపమొచ్చి, నాలుగు రోజులు కెమెరా ముట్టలేదు. లోకమందరికీ అడవులు, నాకు జాలీ.

శనివారం మా కోర్సు మాస్టారు ఆ ఫొటో చూసి పకపకా నవ్వారు. "లెన్సును జాలీకి ఆనించమ్మా. అపర్చర్ మొత్తం తెరువు. మధ్యలో జాలీ ఉన్న సంగతి కెమెరాకే తెలీదు" అన్నారు. మర్నాడు అలాగే చేశాను. రెండు ఫొటోలు పడ్డాయి. మొదటిదాంట్లో తుంగపుల్ల మీద లాల్ ఉంది, ఒక్క గీత లేదు. రెండోదానికి నా వేలు ఆలస్యమైంది. పుల్ల మాత్రమే పడింది.

మొదటిది చూసి చాచా "మాషల్లా" అన్నారు. రెండోదాన్ని తీసేయబోతుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఎగిరిందా?"

"ఎగిరింది చాచా. నేను నొక్కేలోపే."

"ఎటు పోయింది?"

"ఏమో, నాకేం తెల్సు?"

"నీకు తెల్వదు, నాకు తెల్వదు" అన్నారు, మెల్లగా. పుల్లవైపే చూస్తూ అన్నారు, "బంక పుల్ల మీంచి పిట్ట లేవదు బేటీ. లేచినంక పుల్ల ఎట్లుంటదో గిప్పుడే సూస్తున్న." ఆయన వేళ్లు రుద్దుకోవడం ఆగిపోయింది. నాకు తెలిసి అదొక్కసారే.

ఆ రెండో ఫొటోయే కావాలన్నారు. పెద్దగా ప్రింటు తీయించి ఇచ్చాను.

బాపు పెట్టిన హద్దు ఇప్పటికీ వంతెనే. అది నన్ను బాధిస్తూనే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు జాలీకి మొహం ఆనించి నిలబడగలుగుతున్నాను.

ఆ శుక్రవారం వెళ్లేసరికి చాచా ఇంటినిండా చుట్టాలు. మంచానికి ఎదురుగా గోడ మీద ఆ ఫొటో ఉంది. "గిందుల ఏముంది? ఉత్త పుల్ల" అని ఎవరో అడుగుతున్నారు. ఫొటోలో పుల్ల కొస కాస్త చెదిరినట్టుంటుంది. పిట్ట అప్పుడే లేచింది కదా, అదింకా ఊగుతోంది.